రెండు పావుగంటలు

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో పదకొండో సెక్షన్ మొత్తం ఒకే వాక్యం. కాన్పు తరవాత పనిలోకి తిరిగొచ్చిన స్త్రీకి, మామూలుగా ఇచ్చే విశ్రాంతి కాక, బిడ్డకు పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం ఇవ్వాలని, బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా అలా ఇస్తూనే ఉండాలని అందులో ఉంది. ఎంతసేపన్నది నిబంధనలకు వదిలారు. గనులకూ సర్కసులకూ కేంద్రం 1963లో చేసిన నిబంధనలు ఆ లెక్క తేల్చాయి. ఒక్కో విరామం 15 నిమిషాలు. బిడ్డ ఉన్న చోటికి పోయి రావడానికి మరో 5 నుంచి 15 నిమిషాలు.

నా ఉద్యోగమంతా బాలింతల వార్డులోనూ, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల యూనిట్లోనూ నర్సుగా గడిచింది. రెండు నెలల బిడ్డ రొమ్ము పట్టుకుని, ఆగి ఆగి తాగి, రెండోవైపుకు మారి, తేన్పు తీయించుకుని మళ్ళీ కళ్ళు మూసేసరికి ఎంత సేపవుతుందో చూస్తూనే ఉన్నాను. పావుగంటలో తెమిలేది కాదు. అయినా ఆ సెక్షన్ అంటే నాకు గౌరవమే. పనిచేసే చోట పాలవేళ అనేది ఒకటుంటుందని, ఆ వేళకు కూలి కోయకూడదని దేశం కాగితం మీద ఒప్పుకుంది. కూలి కోయకూడదన్న మాట పదమూడో సెక్షన్లో ఉంది. నేను అడిగేది ఆ తరవాతి సంగతి. ఆ పావుగంట చివరికి ఎవరి ఖాతాలో పడింది? చట్టం దాన్ని యజమాని ఖాతాలో రాసింది. నేను చూసినంతలో మాత్రం తల్లి ఖాతాలోంచే పోతూ వచ్చింది.

మా అమ్మ గుంటూరులో పొగాకు గ్రేడింగుకు వెళ్ళేది. 1920లలో వర్జీనియా పొగాకు మా జిల్లా నల్లరేగడిలో కుదురుకున్న దగ్గర్నుంచీ గ్రేడింగు షెడ్లలో వరసలు కట్టి కూర్చునేది ఆడవాళ్ళే. బ్యారన్లలో కాల్చిన ఆకు వస్తుంది. రంగు చూడాలి, మచ్చ చూడాలి, చిరుగు చూడాలి, ఏ రకం ఆ కుప్పలో వెయ్యాలి. కొన్ని షెడ్లలో కాడ కూడా తీయాలి. సాయంత్రం కాటా వేస్తారు, కిలోకింత అని కూలి. అమ్మ చెయ్యి ఎంత చురుకంటే ఆకును వెలుతురుకు పట్టి చూసేది కాదు, వేళ్ళతో తడిమి పక్కకు వేసేది.

1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ప్రకారం యాభై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళ లోపు పిల్లల కోసం ఒక గది ఉండాల్సి వచ్చింది. 1976లో ఆ యాభైని ముప్ఫై చేశారు. అమ్మ పనిచేసిన కంపెనీలో ఆ గది ఉండేది. నన్నక్కడ పడుకోబెట్టింది నాకు గుర్తులేదు గానీ, తమ్ముడు పుట్టేసరికి నాకు అయిదేళ్ళు, వాడితోపాటు నేనూ అక్కడే ఉండేదాన్ని. సిమెంటు గచ్చు. పైన దూలానికి వరసగా కట్టిన చీర ఉయ్యాలలు. మూలన మట్టి తొట్టిలో నీళ్ళు. మా ఆయమ్మకు పిల్లలందరి ఏడుపులూ వేరువేరుగా తెలుసు. ఎవరైనా లేచి గుక్కపట్టగానే గడప దగ్గరికొచ్చి షెడ్డు వైపు కేకేసేది: “ఒసే, నీ పిల్లోడు లేచాడే!” పేరు పెట్టి పిలవకపోయినా ఎవరు లేవాలో వాళ్ళే లేచేవాళ్ళు.

అమ్మ మాత్రం వెంటనే లేచేది కాదు. ముందున్న కట్ట విప్పేసింది గనక అది అయ్యేదాకా ఆగేది. అప్పటికే రవిక తడిసిపోయి ఉండేది. చంటిబిడ్డ ఏడుపు చెవిన పడితే పాలు చేపుకొస్తాయి, ఆపుకుందామన్నా ఆగవు. వచ్చి కుంకుడు రసంతో చేతులు రుద్దుకునేది, బూడిదతో రుద్దుకునేది. పొగాకు ఘాటు చేతులకు పట్టిందంటే కడిగితే పోదు. తమ్ముడు ముందు మొహం పక్కకు తిప్పేసేవాడు, తుమ్మేవాడు, తరవాత ఆకలికి తాళలేక పట్టుకునేవాడు. నికోటిన్ తల్లి పాలలోకి వెళ్తుందని నేను నర్సింగు చదివేటప్పుడు తెలుసుకున్నాను. ఆ పాఠం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మ కూలిలో ఎవరూ పైసా కోయలేదు. కోయాల్సిన అవసరమే లేదు. పాలిచ్చి వచ్చేలోపు పక్కమనిషి కుప్ప పెరుగుతుంది, అమ్మ కుప్ప అలాగే ఉంటుంది, కాటా నిజమే చెబుతుంది. నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళదీ ఇదే లెక్క. వాళ్ళకు వెయ్యి బీడీలకింత. 1966 బీడీ కార్మికుల చట్టం బీడీ కార్ఖానాల్లో కూడా పిల్లల గది ఉండాలంది. తీరా చూస్తే ఎక్కువమంది చేత ఇళ్ళ దగ్గరే చుట్టించారు. ఇంటి అరుగు మీద ఆకు చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, పాలు తాగే బిడ్డను మోకాలి మీద ఆనించుకున్న తల్లికి విరామం ఎవరిస్తారు, ఎవరిని అడుగుతుంది?

ఈ పాలవేళ గురించిన మాట మన దేశంలో పుట్టింది కూడా మిల్లుల్లోనే. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశం జరిగింది. అక్కడ చేసిన ప్రసూతి ఒప్పందంలో పాలిచ్చే తల్లికి పని వేళల్లో రోజుకు రెండు అరగంటలు ఇవ్వాలని రాశారు. అరగంటలు! మనకు వచ్చేసరికి అవి సగమయ్యాయి. ఆ ఒప్పందానికి మన దేశం సమ్మతి తెలపలేదు. కానీ అసలు ఇక్కడి మిల్లుల్లో తల్లుల పరిస్థితి ఏమిటో చూడాలన్న కదలిక అప్పటినుంచే వచ్చింది. బొంబాయిలో డాక్టర్ బార్న్స్ అనే వైద్యురాలు మిల్లు కార్మికుల చాల్స్‌లో తిరిగి 1922లో ఇచ్చిన నివేదికను నర్సుగా నేను మరచిపోలేను. పనికి పోయే తల్లుల బిడ్డల్లో నూటికి 98 మందికి నల్లమందు పెడుతున్నారని ఆమె రాసింది. చిన్న చిన్న మాత్రలుగా బజార్లోనే అమ్మేవాళ్ళు. తల్లి తెల్లవారి మిల్లుకు పోయేముందు పెడితే బిడ్డ ఏడవదు, ఆకలని అడగదు, మధ్యాహ్నం దాకా పడి ఉంటుంది.

బొంబాయి మిల్లుల్లోనూ సోలాపూర్ మిల్లుల్లోనూ మన తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉండేవి. ఆ నివేదికలోని తల్లులంటే నాకు ఎక్కడో దూరదేశపు మనుషులు అనిపించరు. అటు కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లులకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువాళ్ళు భార్యాపిల్లలతో సహా వెళ్ళారు, టిటాగఢ్‌లో ఇవాళ్టికీ తెలుగు వినబడుతుంది. ఆ మిల్లులను డాక్టర్ డాగ్మార్ కర్జెల్ పరిశీలించి 1923లో నివేదిక రాసింది. అక్కడి తల్లులు బిడ్డలను ఇంట్లో వదల్లేక మిల్లు లోపలికే తెచ్చుకునేవాళ్ళు. నార ధూళిలో, తిరిగే యంత్రాలకు చేరువలో బిడ్డలు పడుకునేవాళ్ళు. ప్రాణానికి ముప్పున్నా కనీసం పాలు దొరికేవి. బొంబాయిలో పాలు లేవు, మత్తు ఉంది. ఈ రెండు నివేదికలకు మధ్య ఒక్క ఏడాదే తేడా.

1928 జులైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు మీద చర్చ జరిగినప్పుడు అంబేడ్కర్ మాట్లాడారు. కాన్పు ముందూ తరవాతా తల్లికి విశ్రాంతి ఉండటం దేశానికే మేలన్నారు. ఆ భారంలో ఎక్కువ పాలు ప్రభుత్వమే మోయాలని ఒప్పుకుంటూనే, ఆడవాళ్ళను పనిలో పెట్టుకుని లాభపడుతున్న యజమాని కూడా తన వంతు మోయాల్సిందేనని వాదించారు. ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలన్న ప్రశ్నను అంత సూటిగా లేవనెత్తడం వల్ల ఆ ప్రసంగం నాకు ఇష్టం. 1929లో బొంబాయి చట్టం వచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి గనక మనకు 1934 నాటి మద్రాసు చట్టం వర్తించింది. ఆ పైన 1961లో దేశానికంతటికీ ఒకటే చట్టం, పన్నెండు వారాల సెలవు, ఆ రెండు పావుగంటలు.

పొలం పనికి పోయే తల్లులకు వీటిలో ఏ ఒక్కటీ వర్తించలేదు. మన రెండు రాష్ట్రాల్లో బయట పనిచేసే ఆడవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. నాట్లప్పుడు గట్టు మీద తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను వేసేవాళ్ళు. పొలం దూరమైతే బిడ్డ ఇంటి దగ్గరే ఉండేది. ఎనిమిదేళ్ళ అక్క మధ్యాహ్నం చంటిదాన్ని చంకనేసుకుని ఎండలో నడిచి, గట్టు దగ్గర అమ్మ చేత పాలిప్పించి, మళ్ళీ ఇంటికి తీసుకుపోయేది. ఆ అక్క బడికి పోలేదు. పాలవేళ ఖర్చు ఎవరి ఖాతాలో పడిందని అడిగితే ఇక్కడ జవాబు తల్లి దగ్గర కూడా ఆగదు, అక్క పలక దాకా పోతుంది. 1975లో మొదలైన అంగన్‌వాడీ మూడేళ్ళు నిండిన పిల్లలను కూర్చోబెట్టుకుంది, చంటిబిడ్డను మాత్రం ఇంటి దగ్గరే ఉంచింది.

బిడ్డను వెంట తెచ్చుకునే దారి లేనప్పుడు తల్లులు ఏం చేసేవాళ్ళు? మా వైపు పాలు ఎండబెట్టడానికి మల్లెపూలు కట్టేవాళ్ళు. గుచ్చిన దండలు రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించేవాళ్ళు, వాడిపోయాక మార్చేవాళ్ళు. బిడ్డ పోయిన తల్లికి చేసే ఉపాయం ఇది. దాన్ని పనికి పోక తప్పని తల్లులు కూడా వాడేవాళ్ళు. మల్లెలు పనిచేస్తాయా అని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు పరీక్షించారు. పాలు తగ్గించే బ్రోమోక్రిప్టిన్ మందుతో పోల్చి చూసి, పూలు కూడా పాలను తగ్గిస్తున్నాయని 1988లో ప్రకటించారు. అదంతా చదివినప్పుడు మా అమ్మమ్మల తెలివికి ఆశ్చర్యం వేసింది. బతికున్న బిడ్డకు దక్కాల్సిన పాలను పూలు కట్టి ఆపుకున్నారే అని బాధా కలిగింది.

ఆపుకోని వాళ్ళు పిండేవాళ్ళు. నాలుగైదు గంటలు బిడ్డ తాగకపోతే రొమ్ము రాయి అవుతుంది, చంకల దాకా సలుపుతుంది. అలాగే వదిలేస్తే గడ్డ కడుతుంది, చలిజ్వరం వస్తుంది, చీము పడితే కోయాల్సి వస్తుంది. నా వార్డుకు అలా వచ్చినవాళ్ళలో పత్తి ఏరే కూలీలున్నారు, బట్టల షాపులో నిలబడి పనిచేసే అమ్మాయిలున్నారు, టీచర్లున్నారు. “మధ్యలో పిండెయ్యకపోయావా తల్లీ” అంటే, “ఎక్కడ పిండను సిస్టరమ్మా, అందరూ ఉంటారుగా” అనేవాళ్ళు. చాటు దొరికిన రోజున పిండి గోడకు కొట్టేవాళ్ళు, చెట్టు మొదట్లో పోసేవాళ్ళు. చీమలు పడితే పాలు ఎండిపోతాయన్న భయంతో మట్టి కప్పేవాళ్ళు. ఆ పాలను దాచి బిడ్డకు పట్టవచ్చన్న ఊహ ఎవరికీ ఉండేది కాదు. డబ్బాపాలేమో ప్రతి కిరాణా కొట్లో ఉండేవి. వాటి ప్రకటనలను 1992 చట్టం నిషేధించేదాకా బొద్దుగా నవ్వే పిల్లల బొమ్మలు ఊరూరా గోడల మీద ఉన్నాయి.

పిండిన పాలకు విలువ ఉందని ముందుగా గ్రహించింది ఆసుపత్రులు. నెలలు తక్కువ బిడ్డకు రొమ్ము చీకే శక్తి ఉండదు, తల్లి పాలు తప్ప మరేవీ సరిగా ఇమడవు. అందుకే పాలు తీసే యంత్రం కథలో కూడా ఆసుపత్రే ముందుంది. అమెరికాలో ఆర్వెల్ నీడమ్ 1854లోనే రొమ్ము పంపుకు పేటెంటు తీసుకున్నాడు. 1920లలో ఎడ్వర్డ్ లాస్కర్ అనే ఇంజనీరు కరెంటుతో నడిచే పంపు తయారుచేశాడు. అవన్నీ పెద్దవి, ఆసుపత్రి సామాన్లు. వీళ్ళందరిలో నాకు ఇష్టమైన పేరు సిస్టర్ మాయా. స్వీడన్‌లో ఐనార్ ఎగ్నెల్ అనే ఇంజనీరు, రొమ్మును గాయపరచకుండా ఎంత గుంజుడు పెట్టవచ్చో లెక్కలు కట్టి 1956లో ఒక పంపు తెచ్చాడు. స్టాక్‌హోమ్ ఆసుపత్రిలో తల్లుల దగ్గర దాన్ని వాడి చూసి, నొప్పి ఎక్కడ మొదలవుతుందో చెప్పిన నర్సు సిస్టర్ మాయా. యంత్రానికి ఆమె పేరే పెట్టారు. నర్సు పేరు మీద యంత్రం ఉందని చదివిన రోజు మా యూనిట్ అమ్మాయిలందరికీ చెప్పాను.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా దగ్గరున్నది గాజు గరాటాకు రబ్బరు బుడ్డి తగిలించిన పంపు. ఆ బుడ్డి లోపల కడగడానికి వీల్లేదు, పాల మురుగు అక్కడే ఉండేది. దాన్ని పక్కన పెట్టి చేత్తో తీయడమే నేర్పేదాన్ని. ఇది మాటలతో వచ్చే పని కాదు, పక్కన కూర్చోవాలి. ముందు చేతులు మోచేతుల దాకా కడిగించి, గోరువెచ్చటి తడిగుడ్డ రెండు నిమిషాలు వేయించేదాన్ని. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, మొనకు ఒక అంగుళం వెనగ్గా పెట్టమనేదాన్ని. అందరూ చేసే తప్పు మొనను పట్టి లాగడం, నొప్పి తప్ప పాలు రావు. వేళ్ళను ముందు ఛాతీ వైపు నొక్కాలి, ఆ తరవాత దగ్గరకు అదిమి వదలాలి. నొక్కు, అదుము, వదులు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ రాదు. తల్లి మొహం చిన్నబోతుంది. అప్పుడు బిడ్డ కప్పుకున్న గుడ్డ ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టేదాన్ని. ఆ వాసనకు చుక్క కదులుతుంది, ఆ పైన సన్నటి ధారలు మూడు నాలుగు వైపుల నుంచి ఒక్కసారే గిన్నెకు తగిలి చప్పుడు చేస్తాయి. మొదటి రోజుల ముర్రుపాలు చెంచాడు వచ్చినా అది ఆ బిడ్డకు పూట భోజనం. మరిగించిన స్టీలు గిన్నెలోంచి ఉగ్గుగిన్నెకు మార్చి, బిడ్డ పెదవి మీద ఒక్కో బొట్టే వదిలేవాళ్ళం.

ఇంత నేర్పిన నాకు నా వంతు వచ్చినప్పుడు చోటు దొరకలేదు. 1988లో మా పెద్దమ్మాయి పుట్టింది. మూడు నెలల సెలవు కాగానే డ్యూటీలో చేరాను. పసిపిల్లల యూనిట్లో పరాయి బిడ్డ ఏడిస్తే చాలు నాకు పాలు చేపుకొచ్చేవి, ఏ బిడ్డ ఏడుపని ఒంటికి తేడా ఉండదు. తెల్ల చీర మీద మరకలు కనబడకుండా దూది మడిచి గాజుగుడ్డ చుట్టి లోపల పెట్టుకునేదాన్ని. నర్సులకు పాలిచ్చే గది కావాలని మేం కొందరం కలిసి అడిగాం. స్టాఫ్ బాత్‌రూం ఉందిగా అన్నారు. తల్లులకు శుభ్రత గురించి పాఠం చెప్పి వచ్చి, ఆ బాత్‌రూం సింకులో పాలు పిండి పారబోసేదాన్ని. పగటి డ్యూటీ రోజుల్లో మాత్రం మా అమ్మ మధ్యాహ్నం రిక్షాలో బిడ్డను తీసుకొచ్చేది. సైకిల్ స్టాండు వెనక వేపచెట్టు కింద కూర్చుని పాలిచ్చేదాన్ని. అమ్మ చుట్టూ చూసి, “మా కంపెనీలోనే నయమే, గది ఉండేది” అంది. ఆ మాట నిజం. 1948 చట్టం పొగాకు కూలికి రాసిచ్చిన గది, నలభై ఏళ్ళ తరవాత నర్సుకు లేదు.

నేను సింకులో పారబోసిన పాలు ఆ రోజుల్లోనే మరోచోట ప్రాణాలు నిలిపే పని మొదలుపెట్టాయి. 1989లో బొంబాయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ తల్లిపాల బ్యాంకు తెరిచారు, ఆసియాలోనే మొదటిది. మన హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ వచ్చేసరికి 2017. అంటే నా సర్వీసులో ఎక్కువ భాగం, పాలు ఎక్కువైన తల్లీ పాలు పడని తల్లీ పక్కపక్క మంచాల మీదే ఉండగా మేం చూస్తూ ఉండాల్సి వచ్చింది.

భుజాన వేసుకుని ఆఫీసుకు తీసుకుపోయే పంపులు 1990లలో అమెరికాలో వచ్చాయి. అక్కడే ఎందుకంటే, బిడ్డ దగ్గర తల్లి ఉండే వీలు అక్కడ మరీ తక్కువ. 1993 నాటి వాళ్ళ చట్టం ఇచ్చిన సెలవు పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా, అదీ కనీసం యాభై మంది ఉన్న చోటే. మా పెద్దమ్మాయి టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. కాన్పుకు వెళ్ళినప్పుడు చూశాను. ఇన్సూరెన్స్ వాళ్ళు పంపు ఉచితంగా పంపారు, 2010 ఆరోగ్య చట్టం వల్ల వచ్చిన మేలది. పాలు తీసుకోవడానికి సమయం, బాత్‌రూం కాని చోటు ఇవ్వాలని కూడా అదే చట్టంలో రాశారు, బిడ్డకు ఏడాది నిండేదాకా. కానీ ఓవర్‌టైం వర్తించని నెలజీతాల వాళ్ళు దాని కిందకు రాలేదు. టీచర్లు రాలేదు, నర్సుల్లో చాలామంది రాలేదు. వాళ్ళందరినీ కలుపుతూ కొత్త చట్టం 2022 డిసెంబరు 29న గానీ రాలేదు. ఆ విరామానికి జీతం ఇచ్చి తీరాలని ఇప్పటికీ లేదు.

మా అమ్మాయి ఆఫీసులో యాజమాన్యం తనంతట తాను గది ఇచ్చింది. కుర్చీ, సింకు, చిన్న ఫ్రిజ్ ఉన్నాయట. “మరి ఇరవై నిమిషాలు ప్రశాంతంగా కూర్చుంటావా?” అన్నాను. “ఎక్కడమ్మా, పంపు పెట్టుకుని కాల్‌లో ఉంటా, కెమెరా ఆపేస్తా” అంది. రెండు చేతులూ ఖాళీగా ఉండేలా పంపును పట్టి ఉంచే బనియన్ చూపించింది. ఎంత తెలివైన వస్తువో అనుకుంటూనే నాకు అమ్మ విప్పిన పొగాకు కట్ట గుర్తొచ్చింది. యంత్రం రాకముందు పాలవేళలో చెయ్యి ఆగేది, కుప్ప తగ్గేది. యంత్రం వచ్చాక చెయ్యి కూడా ఆగనక్కర్లేదు.

పంపును నేను తప్పుపట్టను. రాత్రి డ్యూటీ నర్సుకు, బస్ కండక్టరుకు, కానిస్టేబులుకు అది లేకపోతే మూడో నెలలోనే పాలు ఆగిపోతాయి. చౌకగా దొరికే చేతి పంపులు ఇప్పుడు మా ఊరి మందుల షాపులోనూ ఉన్నాయి. తీసిన పాలు గది వేడిలో నాలుగు గంటలు ఉంటాయని అందరికీ చెబుతాను, మే నెల గుంటూరు ఎండలో దాన్ని కూడా నమ్మవద్దని, ఐసు డబ్బా పెట్టుకోమని చెబుతాను. నా కోపం చట్టం మీద. 2017లో మన దగ్గర సెలవును 12 వారాల నుంచి 26కు పెంచారు. యాభై మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా పిల్లల గది పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి రావచ్చని రాశారు. గొప్ప మార్పే. ఆ మాటలే 2020 సామాజిక భద్రత కోడ్‌లోకీ వెళ్ళాయి. కానీ అన్నిటిలోనూ బిడ్డ తల్లి పనిచేసే చోటే ఉంటుందన్న ఊహ ఉంది. బిడ్డ మియాపూర్‌లో అమ్మమ్మ దగ్గరుంటే, తల్లి గచ్చిబౌలిలో ఉంటే, ఆ తల్లి పాలు తీసుకునే గది గురించి, ఫ్రిజ్ గురించి, సమయం గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క ముక్క చేర్చడానికి ఖజానా మీద పడే భారం ఏమీ లేదు. పైగా ఆ పిల్లల గది మాట కనీసం యాభై మంది ఉన్న చోటుకే. బట్టల షాపు అమ్మాయి షాపులో పన్నెండు మందే ఉంటారు.

ఉపాధి హామీ చట్టం మాత్రం 2005లో ఆ లెక్కను కిందికి దించింది. పని దగ్గరికి ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు వస్తే చాలు, వాళ్ళను చూసుకోవడానికి పనికొచ్చిన ఆడవాళ్ళలోనే ఒకరిని పెట్టాలని, ఆమెకూ కూలి ఇవ్వాలని అందులో రాశారు. రిటైరయ్యాక మేం ఉంటున్న పల్నాడు ఊళ్ళో చెరువు పూడిక తీస్తుంటే చూడటానికి వెళ్ళాను. టెంటు కింద ఒక ముసలమ్మ ఏడుగురు పిల్లలను పెట్టుకుని కూర్చుంది. నాలుగు నెలల పాప లేవగానే అచ్చం మా ఆయమ్మలాగే గట్టెక్కి కేకేసింది. తట్ట దించి ఒకమ్మాయి వచ్చింది, చేతులు కడుక్కుని కూర్చుంది. నేను గడియారం చూడలేదు గానీ అరగంట దాటే ఉంటుంది. అక్కడ కూలి కొలతను బట్టి వస్తుంది. ఎన్ని ఘనపు మీటర్లు తవ్వారో టేపు పెట్టి చూస్తారు. “మరి నీ కొలత తగ్గదా అమ్మా?” అని అడిగాను. “మా గ్రూపోళ్ళు తవ్వుతారు పెద్దమ్మా. ఈమె పిల్లప్పుడు నేను తవ్వా” అని, పలుగు దించకుండా పనిచేస్తున్న పక్కమనిషిని చూపించింది. మధ్యాహ్నం మేట్ వచ్చి గుంత కొలిచాడు. ఆ గ్రూపులో అందరికీ ఒకే కొలత రాశాడు.